మూడో జర్నల్

కావలిలో, తుమ్మలపెంట రోడ్డు రేకుల షెడ్డులో
పాత దుప్పటి మీద పడుకోబెట్టాను క్రాంకుని.
ఆయిల్ బొక్కల్లోంచి కిరసనాయిలు
ఇంకా కారతానే ఉంది.

రొయ్యల గుంటల కాడ జనరేటరుది.
రాత్రి రెండింటికి మొదలెట్టిందంట శబ్దం,
అడుగున ఎవరో తలుపు తడతన్నట్టు.
చెప్పింది వెంగమ్మ. గుంటలు ఆమెవే.

ముందు గోరు.
అడ్డంగా లాగాను, ఒక్కో జర్నల్ మీద.
ఒకటి, రెండు, నాలుగు అద్దాలు.
మూడో దాని మీద ఆగింది,
పట్టుచీర అంచుకి పగిలిన మడమ తగులుకున్నట్టు.

తర్వాత మైక్రోమీటరు.
నిలువుకో లెక్క, అడ్డానికో లెక్క.
గుండ్రం పోయి కోడిగుడ్డయింది.
బేరింగు చిప్పలో తెల్లపూత అరిగి
రాగి ఎర్రగా చూస్తా ఉంది.
మైనపు తీగ పెట్టి, క్యాపు బిగించి, విప్పితే
తీగ నలిగీ నలగనట్టుంది.
మూడు థౌ ఉండాల్సిన కాడ ఎనిమిది.

"ఆ సందు నూనెదమ్మా.
తక్కువైతే దూరదు, ఎక్కువైతే నిలవదు."

"పన్నెండు రోజులయ్యా, పట్టుబడి దాకా.
చిప్ప వెనకాల సిగరెట్టు కాగితం పెట్టరాదా?
అందరూ పెడతారంటనే."

పెడతారు.
నేనూ పెట్టాను, పదకొండేళ్ళ కింద,
మా కాలేషా మేస్త్రి ఊళ్ళో లేనప్పుడు,
ఉదయగిరి లారీకి.
తగరపు కాగితం, రెండు మడతలు.
శబ్దం పోయింది. నాలుగొందలు తీసుకున్నా.
మూడో నాడు కొండ మలుపులో
కనెక్టింగ్ రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది.
డ్రైవరు బతికాడు.
రాడ్డు ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టి
ఒక్క మాటన్నా అనకుండా బస్సెక్కాడు.
ఫ్యాను గాలికి బిల్లులు ఎగరకుండా
ఇప్పటికీ అదే పెడతా.

ఇదంతా వెంగమ్మకి చెప్పలేదు.
"నెల్లూరు పంపాలి, ఇరవై సైజు గ్రైండింగు.
రేపు పొద్దుగూకేదాకా ఆగాలి" అన్నాను.

ఆమె నా వంక చూడలేదు.
తూర్పున కమ్ముకుంటన్న మబ్బు వంక చూసింది.
మబ్బు పట్టిన రాత్రి నీళ్ళలో ఊపిరి తక్కువ.
ఎవరికో ఫోను చేసింది, అద్దె ఇంజను కోసం.
ఇంకెవరికో చేసింది.

నేను గోనెసంచి పరుస్తా ఉంటే
వంగి, తన గోరుతో
మూడో జర్నల్ మీద గీసింది.
ఆగింది.
మళ్ళీ గీసింది, ఈసారి మెల్లిగా.

గోటి కింద నల్లటి నూసి.
చీర కొంగుకి తుడుచుకోబోయి,
తుడుచుకోకుండా,
సంచి రెండో కొస పట్టుకుంది.