మడి

బియెల్లాలో, సెర్వో ఏటి ఒడ్డున ఉన్ని మిల్లు.
రంగులు కలిపే యంత్రానికి ఒక్క భాషే వచ్చు,
ఆ భాషలో బదులిచ్చే సర్వరుకు ఇరవై రెండేళ్లు.
మంగళవారం రాత్రంతా గరగరమని
తెల్లారేసరికి కన్నుమూసింది.

పదకొండు వేల రంగుల పాళ్లు బ్యాకప్పులో పదిలం,
వాటిని చదివే సిస్టమే లేదు.
చేసినవాళ్లు ఎప్పుడో చేతులు కడిగేసుకున్నారు.
కొత్తది పెడితే
యంత్రం మొహం తిప్పేసుకుంటుంది.

"ఊరికే దొరుకుతుంది అత్తా, ఒక్క నొక్కు" అన్నాడు తోబియా.
"ఊరికే వచ్చేదాని వెనక ఎవరొస్తారో చూశావా?"
ఎర్మీనా అప్పటికే కారు తాళాలు వెతుక్కుంటోంది.

కొండ మీద దివాలా తీసిన మిల్లు.
మగ్గాలు పోయాయి, కుర్చీలు పోయాయి,
మూల మిగిలింది దుమ్ముపట్టిన సర్వరు,
ఒంటి మీద లైసెన్సు చీటీ, అట్టపెట్టెలో అసలు సీడీ.
నలభై యూరోలన్నాడు లిక్విడేటరు రమెల్లా.
"చీటీ మీది హక్కు కూడా నా మిల్లు పేర రాయండి."
ఆ ఒక్క కాగితానికి
మూడుసార్లు కొండెక్కి దిగింది.

అన్నాళ్లూ
రిటైరైన ఫియోరెంజో వచ్చి
గరిటెతో, కంటిచూపుతో రంగులు కలిపాడు.

సీడీ నకలుకు వేలిముద్ర తీసింది ఎర్మీనా,
నలభై అక్షరాల పొడవు.
ఆమె చదువుతుంటే ఆయన పాత మాన్యువల్లో పెన్సిలుతో టిక్కులు:
ఏడు, బి, సున్నా, సున్నా...
ఇరవై తొమ్మిదో దగ్గర ఇద్దరి గుండే ఆగింది.
తప్పు సీడీది కాదు,
ఆయన కళ్లజోడుది.

తర్వాత చేసినదానికి మన దగ్గర ఒక మాటుంది,
ఎర్మీనాకు ఆ మాట తెలియదు:
నెట్‌వర్కు కేబుల్ పీకి, ఆ కన్నంలో లక్క పోసింది.
వైఫై కార్డు విప్పి సొరుగులో పడేసింది.
లోపలికి వెళ్లే పెన్‌డ్రైవ్ ఒక్కటే, ఎర్ర ఉన్నిదారం కట్టి,
అదీ పక్క కంప్యూటరులో స్నానం చేశాకే.
తలుపు మీద చీటీ: తాకరాదు, తోబియా కూడా.
గోడకు ఇంకో కాగితం, కొత్త యంత్రం ధర.
దాన్ని చూసినప్పుడల్లా నిట్టూర్చి
ఇంకో ఏడాది అనుకుంటుంది.

శుక్రవారం తొలి వాయి.
నాలుగువేల నాలుగువందల పదిహేడు, పొగమంచు బూడిద.
తడి ఉన్నిని కిటికీకి ఎత్తిపట్టాడు ఫియోరెంజో.
"నీలం ఒక పిసరు ఎక్కువ."
"పాళ్లు సరిగ్గానే ఉన్నాయి" అంది ఎర్మీనా.
ఆయన వెలుతురును తిట్టుకుంటూ
టోపీ పెట్టుకున్నాడు.