రుచి చూసి ఉమ్మేయి

గురువారం సాయంత్రానికి పట్టిక ఇవ్వాలి.
నాలుగు నిలువు గీతలు, పదకొండు అడ్డగీతలు.
మొంబాసా రేవుకి రెండు వీధుల ఇవతల
తేయాకు దలాలుల ఆఫీసు మాది.
నూట ఆరు కంప్యూటర్లు,
అందులో నలభైకి ముసలి దగ్గు.

మొదటి దారి,
డెస్క్‌టాప్ మొత్తాన్నీ ఎక్కడో దూరాన ఉంచడం.
నీ ముందున్నది అద్దమే,
ఇల్లు జోహన్నెస్‌బర్గ్‌లో.
నువ్విక్కడ తలుపు తోస్తే
అక్కడ కిర్రుమంటుంది.
దొంగెత్తుకుపోయినా వాడికి దక్కేది
ఒట్టి గాజుపలక.
(ఈ వాక్యం రాసుకుని కాసేపు మురిసిపోయాను.)

రెండోది,
ఇల్లంతా దేనికి, వంటగది చాలు.
ఒక్క అప్లికేషన్, ఒక్క కిటికీ,
మిగతా బతుకంతా పాత పెట్టెలోనే.
చవక. కాకపోతే ప్రింటర్
తను ఏ ఇంటి మనిషో తేల్చుకోలేక
గుమ్మంలో నిలబడి కాగితం నములుతుంది.

మూడోది,
చచ్చినవాటి అవయవాలు
బతికినవాటికి అతకడం.
తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది ఇదే.
దీనికి బ్రోషర్ లేదు.

నైరోబీ నుంచి వచ్చిన కరియుకి
ఏమడిగినా "అదీ ఉంది" అంటాడు.
మరి లేనిదేమిటయ్యా అంటే
బయటికి తీసుకెళ్లి కాఫీ ఇప్పించాడు,
తేయాకు మనుషులకి.

రుచి గదిలో అథ్మాన్ ముందు
తెచ్చిన పరికరం పెట్టాను.
వరసగా అరవై కప్పులు.
చెంచాతో జుర్రుమని పీల్చి,
నోట్లో తిప్పి, తొట్టిలో ఉమ్మి,
ఎడమచేత్తో కొడతాడు:
రంగు, బలం, చురుకు.
వేలు పడ్డాక అక్షరం
అర రెప్పపాటు ఆలస్యంగా పుడుతోంది.
అర రెప్పే. నాకైతే తెలిసేది కాదు.
"నాలుక మీద నుంచి జారిపోయిందమ్మా కడ్జో,
నీ అక్షరమింకా సముద్రం అడుగునే ఉంది"
అన్నాడు, కప్పు మీద మీగడలా కట్టిన పొరని చూస్తూ.

మళ్లీ ఆయనే అన్నాడు:
"ఎన్నయినా పోల్చు, ఒక్కటీ మింగకు.
మింగినవాడికి దాహం తీరుతుంది,
తేడా తెలీదు."

లెక్కల గదిలో మ్వనకొంబోకి
రెండు వారాలు మొదటి దారి ఇచ్చాను,
రోజూ రాత్రి తుడిచేసే రకం.
తెల్లారితే అందరికీ ఒకే నీలిరంగు తెర,
నిన్న అనేది లేని పసికందు.
భద్రం. శుభ్రం. సగం ధర.
ఆమె ఒక్క ఫిర్యాదూ చేయలేదు.
రికార్డులు తిరగేస్తుంటే కనబడింది:
ప్రతి ఉదయం ఎనిమిదీ నాలుగుకి
అదే ఫైలు, అదే పరిమాణం.
తెరిచాను, తెరవకూడదేమో.
లాములో ఆమె తమ్ముడు కడుతున్న పడవ,
ఒక పక్కే రంగేసి ఉంది.
పన్నెండు రోజులు, పన్నెండు సార్లు
ఆమె ఆ పడవని నీళ్లలోకి దించింది.
రాత్రికి మేం ముంచేశాం.

సీటుకి ఇంత, ఏడాదికి ఇంత,
లైసెన్సు, కేబుల్, మనిషి జీతం,
పదకొండు గీతల్లో అన్నీ పట్టాయి,
ఇది తప్ప.

గురువారం మూడింటికి కరెంటు పోయింది.
తెరలన్నీ ఒక్కసారి కళ్లు మూశాయి.
జనరేటర్ దగ్గి, ఊరుకుంది.
అథ్మాన్ సుద్దముక్క తీసి
బల్ల మీదే మార్కులు వేయసాగాడు.
చీకట్లో కూర్చుని నాకు తట్టింది:
అక్కడ జోహన్నెస్‌బర్గ్‌లో
ఆయన సగం కొట్టిన మాట
అలాగే వెలుగుతూ ఉంటుంది,
పక్కన కర్సర్ కొట్టుకుంటూ,
చూసే కన్ను ఒక్కటీ లేకుండా.
ఇన్నాళ్లు తిట్టుకున్న ఆ దూరం మీద
మొదటిసారి కొంచెం జాలేసింది.

ఫోను వెలుతురులో పట్టిక ముగించాను.
రుచి గదికి ఒక్క కిటికీ చాలు,
సర్వర్ మా మేడ మీదే.
లెక్కలవాళ్లకి పూర్తి ఇల్లు,
రాత్రుళ్లు తుడవనిది, ఖరీదైనది.
కింద పన్నెండో గీత గీసి
ఏం రాయాలో తోచక
"నిన్న" అని రాశాను.

మేడమ్ న్గెందో అద్దాలు తీసి తుడుచుకుని
ఆ గడి మీద వేలు పెట్టింది.
"ఇదేం ఖర్చు?"