ఎక్కడ అని అడగని కణం

కేజీహెచ్ వెనక మెట్ట మీద
మా ల్యాబ్‌కి కిటికీ ఒక్కటే.
అందులోంచి హార్బరు కనబడదు,
ఓడ కూత మాత్రం వినబడుతుంది.

బల్ల మీద మత్తులో ఎలుక. నంబరు నలభై ఒకటి.
దాని మెదడు కాండం అడుగున,
మెడ మొదలయ్యే చోటికి కాస్త పైన,
వెంట్రుక కన్నా సన్నని తీగ మొన.
స్పీకర్లో రేడియో స్టేషను దొరకనప్పటి గరగర.

తోక నొక్కాను. టపటపా.
ఎడమ కాలి వేలు నొక్కాను. టపటపా.
చెవి అంచు, మూతి, పొట్ట మీద చర్మం,
అదే కణం, అదే జవాబు.
దూదితో నిమిరితే మాత్రం
పిలిచినా పలకని పెద్దమనిషి.

పొద్దున పదింటి నుంచీ దీని పటం గీస్తున్నాను.
కాగితం మీద ఎలుక బొమ్మ,
జవాబొచ్చిన చోటల్లా ఎర్ర పెన్సిలు.
భోజనాల వేళకి బొమ్మంతా ఎరుపే.
పెన్సిలు అరిగింది గానీ హద్దు దొరకలేదు.
ఎక్కడ అని అడగదిది,
ఎంత అని అడుగుతుంది.
తెల్లారగట్ల రేవులో వేలం పాడేవాడికి
ఏ పడవ చేపైతేనేం?

సాయంత్రం పెదజాలారిపేట.
గుమ్మంలో నాన్న,
కుడి చెయ్యి వేణ్ణీళ్ళ డేగిసాలో.
జెల్ల ముల్లు దిగి
బొటనవేలు వంకాయలా వాచింది.

"నొప్పి బాగా ఉందా?"
"సెయ్యి తెగ్గొట్టీమన్నట్టుంది.
గానీ ఒలే, సిత్రం సూడు,
తుపానేళ పడవ బోల్తా కొట్టిన కాడ్నించి
పీక్కు తింటన్న నడుం
పొద్దుట్నించి నోరెత్తనేదు.
ఏటయిపోనాదో!"

ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు.
తీసింది ముల్లు కాదు నాన్నా,
నీ మెడ వెనక చీకట్లో కొన్ని కణాలున్నాయి.
బొటనవేలు అరిచిందా, ఉలిక్కిపడి
వెన్నుపాము పొడుగునా తక్కిన ఒంటినంతా
ఉష్ష్ అని కసురుతాయి.
నలభై ఒకటిలో ఇవాళ వాటినే విన్నాను.
ఇదంతా చెప్దామనుకున్నాను.
నీళ్ళు చల్లారిపోయాయి.
లేచి మళ్ళీ కాచి పోశాను.

ఎలుక సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.
కంప్యూటర్ పని అని చెప్పాను.

రాత్రి రెండింటికి వేలు నెమ్మదించినట్టుంది.
పక్క గదిలో మంచం కిర్రుమంది.
"అమ్మో, నడుం" అన్నాడు నాన్న,
తప్పిపోయిన మేక
తిరిగొచ్చినవాడి గొంతుతో.