ముళ్ళుంటాయి, గులాబీ కాదు

ఆదివారానికి పదకొండు మందిమి.
అత్తగారి మోకాళ్ళు, మా వరహాలొదిన అలకలు,
ఫోనులోంచి తల ఎత్తని పద్నాలుగేళ్ళ మోక్షిత్,
నీడ దొరికితే చాలు తువ్వాలు పరిచే మా ఆయన.
వీళ్ళందర్నీ కైలాసగిరి మీద
రెండు గంటలు ఒకే వెతుకులాటలో ఉంచాలి.

అందుకని శుక్రవారం
మహారాణిపేట ల్యాబుకి ఫోన్ చేసి
ఒంట్లో బాలేదని చెప్పి
10కె బస్సెక్కాను.
అబద్ధమాడిన ముఖం కదా,
చిల్లర తీసుకుంటూ కండక్టరు కళ్ళలోకి చూడలేదు.

బ్యాగులో చీటీలు.
రోజంతా రక్తం సీసాల మీద పేర్లంటించే చేతులివి.
ఎవరి చక్కెర ఎంతో, ఎవరి ఉప్పు ఎంతో
తప్పు పోకుండా రాసే చేతులు
రాత్రి వంటగట్టు మీద, పాలు పొంగినా చూసుకోకుండా
ఇవి రాశాయి:

ఊరు దాటదు, ఊరు చేరదు,
ఎక్కిన చోటే దింపుతుంది.
(బొమ్మ రైలని అత్తగారు కూడా చెప్పేస్తారు.
చెప్పాలనే రాశాను.)

ముళ్ళుంటాయి, చుట్టూ పూలుంటాయి,
గులాబీ మాత్రం కాదు.
ఇది నా గర్వం.
దీనికి ఎవరైనా పావుగంట తల గోక్కోవాల్సిందే.

కొండ మీద మెట్లు లెక్కపెట్టాను.
ఇరవై దాటితే ఆ చోటు కొట్టివేత.
బెంచీల కింద తడిమితే
ఎవరి బబుల్‌గమ్మో వేలికంటుకుంది.
ఆదివారం దాకా టేపు నిలుస్తుందో లేదో
చూద్దామని ఒక చీటీ అంటించి,
ఒక్కర్తినీ బొమ్మ రైలెక్కాను,
ఎన్ని నిమిషాలు పడుతుందో తెలియాలి కదా.

వంపు తిరిగేసరికి కింద సముద్రం.
లంగరేసిన ఓడలు ఎండలో కునుకు తీస్తున్నాయి.
ఎవరికీ నీళ్ళ సీసా అందించక్కర్లేదు.
ఎవరూ నా కొంగు పట్టుకుని లేరు.
దిగాను.
మళ్ళీ ఎక్కాను.
రెండోసారి ఏం తెలియాలో అడక్కండి.

వచ్చి చూస్తే బెంచీ కింద చీటీ లేదు.
గాలి పని కాదు, చీపురు పని.
ఆకుపచ్చ గాజుల ఆవిడ తట్టలో ఎండుటాకులు,
వాటి మీద నా దస్తూరి.

"మీదేనేటమ్మా? మందుల సీటీ అనుకున్నాను.
నాకు సదువు రాదు."

చదివి వినిపించాను, కాస్త నాటకంగానే.
ఆవిడ ఊడవడం ఆపలేదు.
"ముళ్ళు... పూలు... గడియారమే కదేటి!
దాని సుట్టూ రోజూ తుడిసేది నానే."

నా పావుగంట
రెండు చీపురు దెబ్బల్లో అయిపోయింది.

పేరు నూకరత్నం. పక్కన కూలబడి
గెలిసినోళ్ళకి ఏటిత్తారని అడిగింది.
మాడుగుల హల్వా, అరకేజీ డబ్బా.
ఎక్కడ దాచాలో తేలలేదన్నాను,
కోతులున్నాయి, చీమలున్నాయి.

"నా కాడ ఉంచండి. ఆదివారం నాదే డూటీ.
గానీ ఊరికినే ఇవ్వను.
నాకో పొడుపుకత ఎయ్యమనండి.
నాను ఇప్పలేకపోతేనే డబ్బా."

ఆఖరి చీటీ అక్కడే కొట్టేశాను.
ల్యాబు రసీదు వెనక మళ్ళీ రాశాను:
ఇక చోటు వెతక్కండి, మనిషిని వెతకండి.
ఆకుపచ్చ గాజులు.

లేచేముందు
నీదీ ఒకటి చెప్పమన్నాను.
సముద్రం వైపు గడ్డం ఎత్తి అంది:

"రోజూ సంద్రాన్ని సూత్తాది,
ఒక్కపాలీ కాలు తడపదు. ఎవులు?"

కొండ. కాదంది.
శివుడి బొమ్మ. కాదంది.
తీగ మీద పోయే పెట్టె. నవ్వింది.
"ఆదివారం సెప్తాను, పొండి."

సాయంత్రం బస్సు బీచ్ రోడ్డెక్కింది.
రోజూ వచ్చే దారే, రోజూ దొరికే కిటికీ సీటే.
మురీ మిక్సర్ బళ్ళ వెనక
అలలు వచ్చి పోతున్నాయి.
జవాబు కోసం ఇసక మీద, ఓడల మీద,
జాలర్ల పడవల మీద వెతుకుతూ
ఎందుకో ఒకసారి కిందికి చూశాను.

పదిహేనేళ్ళుగా ఇదే దారి.
నా చెప్పులు
పొడిగా ఉన్నాయి.