తాలెంత?

హన్మకొండ చౌరస్తా ఎనుక సందుల
జిరాక్స్ షాపు మీద మేడ.
పదకొండు మెట్లు, పన్నెండోది ఇరిగింది.
అక్కడ నా దుకాణం.
కంపెనీలన్నీ నా దగ్గరికి బోర్లనే వస్తయి.
ముందటి మొహం మీరు చూస్తరు,
నేను వీపు చూస్త.

"ఏ కంపెనీది మంచిదక్కా?"
మెట్లెక్కిన ఆయాసం తీరకముందే అడుగుతరు.
ఒకరికి బావమరిది చెప్పిన పేరు,
ఒకరికి హాస్టల్ రూమ్మేటు చెప్పిన పేరు,
ఇంకొకరికి రంగు.
ఏం చెప్పాలె?
ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే ధర.
ఒకటి కాజీపేటల ఆరేండ్ల సంది
చిట్టీల లెక్క రాస్తున్నది,
ఒకటి ఆరు నెలలకే కీలు ఇరిగి
నా బల్ల మీద నోరు తెరిచి పడున్నది.

మొన్న ఎనుమాముల యార్డు నుంచి సరోజన వచ్చింది.
ఇరువై ఏండ్ల సంది మిర్చి ఏరే చేతులు.
పసుపు సంచిల నలభై మూడు వేలు,
మీద రబ్బరు బ్యాండు.
లెక్కపెట్టవోతే నాకు తుమ్మొచ్చింది.

బిడ్డ రవళికి కాలేజీ ప్రాజెక్టు,
పొద్దంత నిలవడే బ్యాటరీ కావాలె.
కొడుకు ప్రణీత్‌కు రాత్రి పది దాటినంక తుపాకుల ఆట.
గ్రాఫిక్స్ కార్డు అన్న మాట
వాని నోట్ల చాక్లెట్ లెక్క తిరుగుతున్నది.
నలభై మూడు వేలల్ల
ఇద్దరి కోరికలు పక్కపక్కన కూసోవు.
ఒకటి కూసుంటే ఇంకోటి నిలవడాలె.

నాకు తెలిసింది నేను చెప్పిన.
ర్యామ్ రేపు పెంచుకోనిస్తదా చూడు,
అడుగున గాలాడే కంతలు చూడు,
మెరిసే స్టిక్కర్లు లెక్కపెట్టకు.
కరాబైతే వరంగల్ల బాగు చేస్తరా,
పెట్టెను బస్సెక్కించి హైదరాబాద్ తోలాల్నా, అడుగు.

సరోజన అంత విన్నది.
విని ఒక్కటే అడిగింది:
"ఇండ్ల తాలెంత?"

నవ్వొచ్చింది. నవ్వలే.
పదిహేనేండ్లల్ల ఎవ్వరడగని ప్రశ్న.
మీద ఎర్రటి కాయలు పరిచి
అడుగున తెల్లవడ్డ తాలు దాసిన బస్తాలు
ఎన్ని ఇప్పి సూసిందో ఆ చెయ్యి!

ఎందుకో దుకాణానికి తాళమేసి
నేను గూడ నక్కలగుట్ట షోరూముకు పోయిన.
సేల్స్ పిల్లగాడు కోర్లు, జనరేషన్లు
ఒక్క ఊపిరిల అప్పజెప్తున్నడు.
సరోజన మూత తెరిచింది, మూసింది,
మల్ల తెరిచింది.
ఫ్యాను దగ్గర చెవి వెట్టింది.
కీబోర్డు నడుమ వేలుతోని ఒత్తి,
"తేమ వట్టిన బస్తా లెక్క కుంగుతున్నది" అని పక్కకు జరిపింది.
రెండోదాన్ని రెండు మూలల వట్టుకొని లేపితే
అది కుయ్యిమన్నది.
మూడోదాన్ని ముట్టనే ముట్టలే.

ఆఖరుకు కింది అరల ఒకటి,
బూడిద రంగుది, జర లావుది,
లైట్లు గీట్లు లేనిది.
"గిది తొడిమె గట్టిగున్నది."

ప్రణీత్ మొహంల లైటు గూడ ఆరింది.
ఆట నడుస్తది గని
నీడలు తగ్గించుకోవాలె అన్నడు సేల్స్ పిల్లగాడు.
"తగ్గించుకుంటడు తియ్యి" అన్నది తల్లి,
"యార్డుల మాకు మొత్తానికే నీడ లేదు."

ఆ కంపెనీ పేరు చెప్ప.
చెప్తే రేపు మీరు అదే కొంటరు.
మీ బస్తాల తాలుండదని
నేనెట్ల మాటియ్యాలె?

ఎండలు ముదిరినంక మల్ల వచ్చింది.
ఫ్యాను దోమ లెక్క మొత్తుకుంటున్నదట.
కీలు చూసిన, కొత్తదాని లెక్కనే ఉన్నది.
బోర్లేసి ఎనిమిది స్క్రూలు ఇప్పిన.
లోపలంత ఎర్రటి దుమ్ము,
సన్నగ, మెత్తగ,
సీజనంత ఆమె కొంగు మోసుకొచ్చింది.
బ్రష్షు తగిలిందో లేదో
నా కండ్లు, ముక్కు, కింద జిరాక్సాయన గొంతు,
అన్ని ఒక్కసారి మండినయి.

పదకొండో మెట్టు మీద నిలవడి
ఎంతైందని అడుగుతున్నది సరోజన.
తుమ్ములు ఆగితె గద
చెప్పేది.