నడుం దాక సున్నం

పొద్దున ఆరింటికి వస్తం, అప్పటిదాక
బండి స్టార్టు చెయ్యకుండ్రి అని చెప్పినం.
నయీంనగర్ల ఆ ఇంటికి వొయ్యేసరికి
వీధిలైట్లు ఇంకా ఆరలేదు.
బానెట్ మీద అరచెయ్యి పెట్టిన.
వెచ్చగుంది.

నేనేమన్లే.
సల్లగున్నప్పుడే ఇంజను నిజం మాట్లాడుతది,
కాగినంక అన్ని మర్చిపోతది.
ముప్పై ఏండ్లు కాజీపేట లోకోషెడ్ల
డీజిలు ఇంజన్ల దగ్గు విన్నోన్ని,
నాకు తెల్వదా.

మేనకోడలు సింధూజ మాత్రం
ఆ ఎర్రరంగు దగ్గర్నే ఆగిపోయింది.
రెండే తలుపులు, నేలకు జానెడెత్తు,
వెనుక సీటు పేరుకే, బియ్యం సంచి కూడ వట్టదు.
చిట్టీ ఎత్తిన పైసలు బ్యాగులున్నయి,
బ్యాగు సంకలున్నది,
సంక ఇడువకు అని నేనే చెప్పిన.

విద్యాసాగర్ నవ్వుకుంట చాయ్ తెచ్చిండు.
సింగిల్ ఓనరు, అన్నడు.
డాక్టరు తోలిన బండోలె ఉంటది, అన్నడు.
అమ్మకానికొచ్చిన ప్రతి బండి
ఎవరో ఒక డాక్టరు తోలిందే.
హన్మకొండ డాక్టర్లు గిన్ని బండ్లు తోలుకుంట కూసుంటే
సూదులెవరేస్తున్నరో.

ఆర్‌సీ ఒక చేత, టార్చి ఒక చేత,
గ్రీజు తుడిచి బ్లాకు మీది నంబరు చదివిన.
అన్ని అంకెలు కలిసినయి.
కానీ రెండు ఎనిమిదులున్నయి దాంట్ల,
ఒకటి నడుం సన్నది, ఇంకోటి బొద్దుది.
ఒక్క చేతి కింద పుట్టిన అంకెలు
గట్లుండయి.

ప్లగ్గులిప్పి గేజి పెట్టిన.
ఒకటి నూటా డెబ్బై, రెండు నూటా అరవై ఎనిమిది,
మూడు నూటా ఇరవై,
నాలుగు మళ్ళ నూటా డెబ్బై.
మూడోదాంట్ల చెంచెడు ఆయిలు పోస్తే
ఎగబాకి నూటా యాభై దాటింది.
రింగులు, అన్న.
చాయ్ సల్లారిపోయింది.

ఇగ డ్రైవరు బెల్టు వట్టుకొని గుంజిన,
ఎవ్వరు గుంజనంత, చివరిదాక.
ఆఖరి జానెడు మట్టిరంగు.
ఎండి, పెళుసై,
వేళ్ళ మీద పొడి రాలింది.

అప్పుడు తలెత్తి గోడ జూసిన.
వచ్చేటప్పుడే కండ్లవడ్డది, బుర్రకెక్కలే:
కొత్త సున్నం.
నా నడుం దాక మాత్రమే.

ఎన్ని నీళ్ళొచ్చినయన్నా, అని సింధూజనే అడిగింది.
నెమ్మదిగనే అడిగింది.
విద్యాసాగర్ అరుగు మీద కూసున్నడు.
నాలా గేటు దాటొచ్చిన రాత్రి, అన్నడు,
నీళ్ళల్ల తాళం తిప్పొద్దని తెలుసు,
తెలిసి తిప్పిన.
ఒక్కసారి టక్కుమన్నది, గంతే.
లోపల రాడ్డు వంగిన సప్పుడు
ఇప్పటికి నిద్దర్ల ఇనవడతది.
వేరే ఇంజను ఎక్కించినోడే
నంబరు కూడ కొట్టిచ్చిండు,
ఆఫీసుల సుట్టు తిరుగుడెందుకని.

కోపం రావాలె నాకు. రాలే.
తిట్టు నాలుక మీదికొచ్చి
జులై ఒకటి దగ్గర ఆగింది.
నా సర్వీసు బుక్కుల పుట్టిన తేది అది.
బళ్ళె ఏసిననాడు కనకయ్య సారు
నా మొఖం జూసి, పొడుగు జూసి,
పెన్నుతోటి కొట్టిన నంబరు.
నిజం తేదైతే రెండేండ్ల కిందట్నే
షెడ్డు గేటు కాడ దండేసి పంపుతుండిరి.
ఇంకా జీతం తీసుకుంటున్న.

ఆర్‌టీవోకు వొయ్యి
ఇంజను మారిందని బుక్కుల రాపిచ్చుకరా,
పోలీసులడిగితే ఉన్నదున్నట్టు చెప్పు,
అప్పుడు ధర మాట్లాడుదం, అన్న.
గొంతు నాదే,
కొంచెం మూడో సిలిండరోలె ఉన్నది.

స్కూటరు మీద తిరిగొస్తుంటే
ఫాతిమానగర్ బ్రిడ్జి మీద సింధూజ ఎనుకకు జూసింది.
కింద గూడ్సు బండి సిగ్నలు కోసం నిలవడి ఉన్నది.
బ్యాగు ఇంకా దాని సంకల్నే.
మామా, అన్నది, నువ్వు నిజంగ ఎప్పుడు పుట్టినవ్?

మక్కకంకులు కాల్చే రోజులల్ల,
ముసురు వట్టిన రాత్రి, అని అమ్మ అంటుండె.
ఏ యేడాదో
ఎవ్వరు రాసుకోలే.