పుల్లకు దప్పికవుతాదా

పగలంతా నేను నీళ్ళమ్ముతాను.
కడప ఏడురోడ్ల ఎనక సందులో
నీలం రేకుల షెడ్డు,
మూడు స్టీలు గొట్టాలు, ఒక మోటారు,
గోడ మీద మంచుకొండ బొమ్మ.
ఇరవై లీటర్ల క్యాను పదిహేను రూపాయలు,
ఇంటికి తెచ్చిస్తే ఇరవై.

బేస్తవారం రాత్రి షట్టరు దించినాక
ఎక్సెల్ బండికి రెండు ఖాళీ క్యాన్లు కట్టుకొని
ఘాటు దారి పడతాను.
ఎవురికీ చెప్పను,
మిఠాయంగడోడు ఇంటికి పోయి
బెల్లంముక్క నోట్లో ఏసుకున్నట్టు.

ఐదో మలుపు దాటినాక
లారీలు గేరు మార్చే కాడ
ఎడమపక్క బండ పగులులోంచి వస్తాది జల.
చూసేదానికి ఏముండదు.
చిటికెనేలు లావు దార.
ఎవురో డ్రిప్పు పైపు ముక్క దూర్చి
చుట్టూ సిమెంటు మెత్తినాడు.
వాని వేళ్ళ గుర్తులు ఇంకా ఉండాయి.
మొన్న రోడ్డోళ్ళు వచ్చి
బండకు ఎర్ర రంగుతో ఒక అంకె రాసిపోయినారు,
నూట నలభై రెండు.
అదేం లెక్కో ఎవురూ అడగలా.

బిందె నిండేదానికి పదకొండు నిమిషాలు.
క్యానుకు పద్దెనిమిది.
ఎండాకాలమైతే ఒక సినిమా.
వరసలో నిలబడేది బిందెలే,
మనుషులు పిట్టగోడ మీద కూర్చోనుంటారు.
సేలం లారీ క్లీనరు, మాట రాదు, నవ్వుతాడు.
గొర్లను దొడ్లో తోలి దిగొచ్చిన ఓబుళేసు.
పాలకోవా బట్టీలో పనిచేసే హుసేనమ్మ,
చేతులు కడుక్కున్నా పోని పాల వాసన.

ఒక దినం
ప్లాంటులోని పుల్ల జేబులో ఏసుకోనొచ్చినా.
పెన్ను మాదిరి ఉంటాది,
నీళ్ళలో ముంచితే అంకె చెప్తాది.
మా ప్లాంటు నీళ్ళు నలభై.
గిరాకీకి అది చూపిచ్చే క్యాను అమ్మేది.
మా ఊరి బోరు వెయ్యిన్నూరు చిల్లర.
ఆ బోరు ఏం చేసిందో
నేను నవ్వితే పండ్ల మీద చదువుకోవచ్చు.

లోటాలో జల పట్టి ముంచినా.
సెల్లు లైటు ఏసినా.
అందరూ మెడలు సాచినారు,
పిల్లోడి మార్కులు చూసేదానికి వచ్చినట్టు.
నూట డెబ్భై.
"మంచిదేనా?" అన్నాడు ఓబుళేసు.
"మా దానికన్నా ఎక్కువ."
"ఎక్కువంటే మంచిదా, చెడ్డదా?"
నాకు మాట దొరకలా.
హుసేనమ్మ ఆ లోటా నా చేతిలోంచి తీసుకొని
గటగటా తాగి
కొంగుతో మూతి తుడుచుకొని అడిగింది:
"పుల్లకు దప్పికవుతాదా, నాయనా?"

పోయిన బేస్తవారం
మా ఎనక ఒక కారు ఆగింది.
లైట్లు మలుపులోనే ఆర్పేసినారు.
డిక్కీలోంచి రెండు క్యాన్లు దించుతాండాడు
మా ఓనరు పట్టాభన్న.
క్యాన్ల మీద మా మంచుకొండ బొమ్మే.
నన్ను చూసినాడు.
నేనూ చూసినా.
కొండ మీద ఏదో పిట్ట రెండుసార్లు అరిచి ఊరుకొనింది.

అలవాటు కొద్దీ లేచి
నా క్యాను పక్కకు లాగబోతే
"యాడుండేది ఆడుండనీ అబ్బీ" అనింది హుసేనమ్మ,
"ఆయప్ప ఎనక పెట్టుకుంటాడు."
ఎనకనే పెట్టుకున్నాడు.
క్లీనరు పక్కన, పిట్టగోడ మీద,
ఇస్త్రీ ప్యాంటు పైకి లాక్కొని కూర్చున్నాడు.
క్లీనరు నవ్వినాడు.

చానాసేపు దార చప్పుడే.
ఖాళీ క్యానులో పడేటప్పుడు ఒక గొంతు,
సగం నిండినాక ఇంకో గొంతు,
మెడ కాడికి వచ్చేసరికి సన్నంగా,
చంటిపిల్ల గునిసినట్టు.
"ఈ నీళ్ళలో పుల్ల పెట్టి చూసినావా ఎప్పుడన్నా?"
అన్నాడు పట్టాభన్న, రోడ్డు వైపు చూస్తా.
"లేదన్నా."
"నేను పెట్టినా."
అంకె ఎంతో నేనడగలా, ఆయన చెప్పలా.

నా క్యాను నిండింది.
ఆయన క్యాను దార కింద జరిపి
బండి స్టార్టు చేసినా.

ఘాటు దిగుతాంటే
కాళ్ళ మధ్య నీళ్ళు
ప్రతి మలుపు కాడా
నాకన్నా ముందే వంగుతాండాయి.
పొద్దున ఏడింటికి షట్టరెత్తాల.